హోస్ట్ వెనక ఉన్న నాలుగు పోర్టులు: ఎల్‌ఎల్‌డీపీతో చూసుకోవాలా, సీడీపీ చాలా, మొత్తం ఆటోమేటిక్‌కు వదిలేయాలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట లాంటి ఊళ్లలో సర్వర్ రూమ్ అంటే చాలా చోట్ల ఒకటే రాక్. అందులో రెండు మూడు హోస్టులు (వర్చువల్ మెషీన్లను నడిపే సర్వర్లు), రెండు స్విచ్‌లు, కింద యూపీఎస్. కేబులింగ్ చేసేది హైదరాబాద్ నుంచి వచ్చిన టీమ్. పని అయిపోగానే సాయంత్రం బస్సుకు వెళ్లిపోతారు. కేబుళ్లకు అంటించిన లేబుళ్లు రెండు ఎండాకాలాలు దాటితే రాలిపోతాయి. ఆ తర్వాత ఎప్పుడో హోస్ట్ మీద కొత్తగా ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించాల్సి వస్తుంది. వెనక నాలుగు పోర్టులు, నాలుగు కేబుళ్లు. ఏది మేనేజ్‌మెంట్‌ది, ఏది స్టోరేజీది, ఏది వర్చువల్ మెషీన్ల ట్రంక్ (చాలా నెట్‌వర్క్‌లను కలిపి మోసే కేబుల్)? అప్పుడు ఫోన్లో నడిచే మాటలు ఇట్లా ఉంటాయి:

"అన్నా, స్టోరేజీ కేబుల్ యాడ వెట్టిన్రు?"

"నీలం రంగుది తమ్మీ."

"ఈడ నీలం రంగువి ఆరున్నయే."

ఈ ఫోన్ అవసరం లేకుండా చేసేవే ఎల్‌ఎల్‌డీపీ, సీడీపీ అనే డిస్కవరీ ప్రోటోకాల్స్. స్విచ్ తన ప్రతి పోర్ట్ నుంచి కొంత విరామంతో ఒక చిన్న ఫ్రేమ్ పంపుతుంది: నా పేరు ఇది, ఇది నా ఫలానా నంబరు పోర్ట్, ఇక్కడి వీల్యాన్ (ఒకే స్విచ్‌లో నంబరుతో వేరుచేసిన నెట్‌వర్క్) ఇది అని. హోస్ట్ దాన్ని వింటే చాలు, ఏ కేబుల్ ఎక్కడికి పోతుందో రాక్ దగ్గరికి వెళ్లకుండానే తెలుస్తుంది. ఎంపికలు రెండు చోట్ల ఉన్నాయి. ఏ ప్రోటోకాల్ వాడాలన్నది మొదటిది. అది చెప్పిన మాటను ఎంతవరకు నమ్మి కాన్ఫిగరేషన్ చేయాలన్నది రెండోది. చాలామంది మొదటిదాని మీదే వాదించుకుంటారు. నా లెక్కలో రెండోదే అసలు సంగతి.

మొదటిది త్వరగా తేల్చేద్దాం. సీడీపీ సిస్కో సొంత ప్రోటోకాల్, 1990ల నుంచి ఉంది. మామూలుగా 60 సెకన్లకోసారి పంపుతుంది, విన్నవాళ్లు దాన్ని 180 సెకన్లు గుర్తుంచుకుంటారు. ఎల్‌ఎల్‌డీపీ ఐఈఈఈ ప్రమాణం, నంబరు 802.1ఏబీ, మొదటి రూపం 2005లో వచ్చింది. ఇది 30 సెకన్లకోసారి వస్తుంది, గుర్తుంచుకునే గడువు 120 సెకన్లు. జునిపర్, అరూబా, డెల్, మైక్రోటిక్ అన్నీ దీన్ని మాట్లాడతాయి. సిస్కో స్విచ్‌లు కూడా మాట్లాడతాయి, కానీ ఐఓఎస్ కేటలిస్ట్ స్విచ్‌లలో చాలావాటికి ఇది మొదట ఆఫ్‌లో ఉంటుంది. గ్లోబల్ కాన్ఫిగరేషన్‌లో ‘ఎల్‌ఎల్‌డీపీ రన్’ అని ఒక్క లైన్ కొట్టాలి. కొట్టకుండా ‘హోస్ట్‌లో ఏమీ కనిపించట్లేదు’ అని గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

రెంటికీ ఒక తేడా ఉంది, అది పెద్దగా ఎవరూ చెప్పరు. ఎల్‌ఎల్‌డీపీ ఫ్రేమ్ పోయే మల్టీకాస్ట్ అడ్రస్‌ను ప్రమాణం పాటించే ఏ స్విచ్ అయినా అక్కడికక్కడే ఆపేయాలి, ముందుకు పంపకూడదు. సీడీపీ అడ్రస్‌కు ఆ నియమం లేదు. సిస్కోది కాని స్విచ్‌కు అది మామూలు మల్టీకాస్ట్, అన్ని పోర్టులకూ వదిలేస్తుంది. దీనివల్ల మధ్యలో వేరే కంపెనీ స్విచ్ ఉంటే, సీడీపీ చూపించే స్విచ్ మీ కేబుల్ అవతలి కొసన ఉన్నది కాకపోవచ్చు, దాని వెనకది కావచ్చు. ఎల్‌ఎల్‌డీపీలోనూ ఈ మోసం అసలు జరగదని కాదు. చౌకరకం అన్‌మేనేజ్డ్ స్విచ్‌లు (సెట్టింగులు మార్చే వీల్లేనివి) కొన్ని నియమాన్ని పట్టించుకోకుండా దాన్నీ దాటించేస్తాయి. ఒకే పోర్ట్ మీద ఇద్దరు పొరుగువాళ్లు కనిపిస్తే మధ్యలో అట్లాంటి డబ్బా ఒకటి ఉందని అనుమానించండి. ఆస్పత్రి, కాలేజీ క్యాంపస్‌లలో ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కు ఫైబర్ లాగి మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను మామూలు కేబుల్‌కు కలిపే డబ్బా) పెట్టిన చోట ఇంకో చిక్కు: అవతల స్విచ్ ఆగిపోయినా ఇవతల లింక్ లైట్ వెలుగుతూనే ఉండొచ్చు. అప్పుడు పాత వివరం రెండు నిమిషాల దాకా కనిపిస్తూనే ఉంటుంది.

రాక్‌లో అన్నీ సిస్కో అయితే సీడీపీతో సరిపెట్టుకోవచ్చు. రెండు కంపెనీలు కలిస్తే ఎల్‌ఎల్‌డీపీయే. మన దగ్గర సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఏది దొరికితే అది కొనుక్కొచ్చిన రాక్‌లే ఎక్కువ కాబట్టి, ఆచరణలో జవాబు ఎల్‌ఎల్‌డీపీ. ఒక్క వీఎంవేర్ దగ్గరే ఈ జవాబు తిరగబడుతుంది.

వీఎంవేర్ హోస్టుల మీద నడిచే ఈఎస్‌ఎక్స్ఐలోని స్టాండర్డ్ వర్చువల్ స్విచ్‌కు సీడీపీ తప్ప ఇంకేదీ రాదు. ఎల్‌ఎల్‌డీపీ కావాలంటే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ (అన్ని హోస్టులకూ కలిపి ఉండే వర్చువల్ స్విచ్) ఉండాలి, అది చిన్న లైసెన్సులతో రాదు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక పాత శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి, అంతా సబ్‌స్క్రిప్షన్ అయింది. కేవలం పొరుగు స్విచ్ పేరు చూడడానికి పెద్ద లైసెన్సు కొనమని నేనెవరికీ చెప్పను. స్విచ్ సిస్కోది అయితే సీడీపీ మొదటి నుంచీ వినే మోడ్‌లోనే ఉంటుంది. వీస్పియర్ క్లయింట్‌లో ఫిజికల్ అడాప్టర్ మీద నొక్కితే స్విచ్ పేరు, పోర్ట్ కనిపిస్తాయి. మైక్రోటిక్ అయినా ఇబ్బంది లేదు, అది సీడీపీ, ఎల్‌ఎల్‌డీపీ రెండూ పంపుతుంది. ఈ రెండూ కాకపోతే ఈఎస్‌ఎక్స్ఐ షెల్‌లో ‘పీకెటీక్యాప్’ అనే ప్యాకెట్ పట్టే పనిముట్టు ఉంది. ఎల్‌ఎల్‌డీపీ ఈథర్‌టైప్ (ఫ్రేమ్ ఏ రకందో చెప్పే నంబరు) మీద ఫిల్టర్ పెట్టి ఒక్క ఫ్రేమ్ పట్టుకుంటే, అందులో స్విచ్ పేరు మామూలు అక్షరాల్లోనే చదవొచ్చు. రోజూ చేసే పని కాదు కాబట్టి ఇది చాలు.

ఈఎస్‌ఎక్స్ఐలో నాకు నచ్చేది ఇంకొకటుంది. డిస్కవరీ ప్రోటోకాల్‌తో సంబంధం లేకుండా, ఆ కేబుల్ మీద తిరుగుతున్న ట్రాఫిక్‌ను చూసి ఏయే వీల్యాన్‌లో ఏ ఐపీ శ్రేణి కనిపిస్తోందో అది అంచనా కట్టి చూపిస్తుంది. అంచనాయే, హామీ కాదు. కానీ ట్రంక్ పోర్ట్ విషయంలో ఇది ఎల్‌ఎల్‌డీపీ కన్నా ఎక్కువ చెప్పిన సందర్భాలు ఉంటాయి. ఎందుకో కింద చెబుతాను.

ప్రాక్స్‌మాక్స్‌కు మారినవాళ్లకు దారి సులువు. అది డెబియన్ మీద నడుస్తుంది కాబట్టి ‘ఎల్‌ఎల్‌డీపీడీ’ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఒక నిమిషం ఆగి, ‘ఎల్‌ఎల్‌డీపీసీటీఎల్’ అని కొడితే చాలు. సీడీపీ కూడా కావాలంటే డీమన్‌కు ‘మైనస్ సీ’ ఆప్షన్ ఇవ్వాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో నెట్‌వర్క్‌మేనేజర్‌కే ఎల్‌ఎల్‌డీపీ వినడం వచ్చు, కనెక్షన్‌లో ఆన్ చేస్తే ‘ఎన్ఎంసీఎల్ఐ’తో జాబితా చూడొచ్చు. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వాళ్లకు నా సలహా చిన్నది: ప్యాకెట్లు పట్టి చూపించే వైర్‌షార్క్ పెట్టి ఒక్కో అడాప్టర్ మీద ఒక ఫ్రేమ్ పట్టుకోండి, రాసుకోండి, పని అయిపోయిందనుకోండి.

లినక్స్ హోస్టుల్లో ఒక గోడ ఉంది, దానికి తల కొట్టుకోని వాళ్లు తక్కువ. ఇంటెల్ ఎక్స్710 రకం పది గిగాబిట్ కార్డుల్లో ఎల్‌ఎల్‌డీపీ ఏజెంట్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. వచ్చిన ఫ్రేమ్‌ను కార్డే మింగేస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ దాకా రానివ్వదు. వన్ గిగాబిట్ పోర్టుల మీద పొరుగు చక్కగా కనిపిస్తూ, పది గిగాబిట్ వాటి మీద మాత్రం ఖాళీగా ఉంటే స్విచ్‌ను అనుమానించకండి. ‘ఈథ్‌టూల్’లో ప్రైవేట్ ఫ్లాగ్స్ కింద ‘డిజేబుల్ ఎఫ్‌డబ్ల్యూ ఎల్‌ఎల్‌డీపీ’ అనే ఫ్లాగ్‌ను ఆన్ చేయండి, అర నిమిషంలో వివరాలు వస్తాయి. రీబూట్ తర్వాత కూడా నిలవాలంటే ఆ లైన్‌ను ఇంటర్‌ఫేస్ పైకి లేచే చోటే రాసిపెట్టాలి. ఇంకో సంగతి: బాండ్ చేసిన (కొన్ని పోర్టులను కలిపి ఒకటిగా వాడే) చోట బాండ్ మీద కాదు, దాని కింద ఉన్న ఒక్కో పోర్ట్ మీద చూడాలి. వర్చువల్ మెషీన్ లోపల ఎల్‌ఎల్‌డీపీ కనిపించకపోతే అది లోపం కాదు. హోస్ట్ లోపల స్విచ్ పని చేసే లినక్స్ బ్రిడ్జ్ ఆ ఫ్రేమ్‌లను లోపలికి పోనివ్వకపోవడమే సరైన తీరు.

ఇప్పుడు అసలు విషయం. వచ్చిన సమాచారంలో ఏది దేనికి పనికొస్తుంది?

స్విచ్ గుర్తింపు, పోర్ట్ గుర్తింపు, గడువు, ఈ మూడూ ప్రతి ఎల్‌ఎల్‌డీపీ ఫ్రేమ్‌లో తప్పనిసరి. మిగతావన్నీ స్విచ్ ఇష్టం. ఈ తప్పనిసరి వాటితోనే బాండ్ ఏ రకానిదో నిర్ణయించుకోవచ్చు. ఒక హోస్ట్‌లో ఈనో1, ఈనో2 అని రెండు పోర్టులు ఉన్నాయనుకుందాం. రెండింటికీ ఒకే స్విచ్ గుర్తింపు వచ్చి, పోర్టులు 1/0/14, 2/0/14 అని కనిపిస్తే అది రెండు స్విచ్‌ల స్టాక్, అంటే రెండూ కలిసి ఒకే స్విచ్‌లా నడుస్తున్నాయి. ఎల్ఏసీపీ బాండ్ (స్విచ్‌తో మాట్లాడుకుని రెండు కేబుళ్లనూ ఒకేసారి వాడేది) పెట్టుకోవచ్చు, ఒక స్విచ్ పోయినా హోస్ట్ బతుకుతుంది. 1/0/14, 1/0/15 అని వస్తే ఎల్ఏసీపీ పనిచేస్తుంది కానీ రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లో ఉన్నట్టు. దాని కరెంటు పోతే రెండూ పోతాయి, ఒక కేబుల్ మార్చండి. రెండు వేర్వేరు గుర్తింపులు వస్తే మామూలుగా యాక్టివ్-బ్యాకప్ బాండే (ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి సిద్ధంగా ఉండేది) క్షేమం. ఎంల్యాగ్ చేసిన స్విచ్‌లు (విడివిడిగా ఉంటూనే హోస్ట్‌కు ఒకటిగా కనిపించేవి) మాత్రం దీనికి మినహాయింపు, వాటి గుర్తింపులు వేరైనా ఎల్ఏసీపీ నడుస్తుంది. అది స్విచ్ చూసేవాళ్లను అడిగే తెలుసుకోవాలి, ఫ్రేమ్ చూసి ఊహించకూడదు. స్విచ్ పంపితే గరిష్ఠ ఫ్రేమ్ సైజు కూడా వస్తుంది. స్టోరేజీ నెట్‌వర్క్‌కు హోస్ట్‌లో ఎంటీయూ (ఒక్కో ఫ్రేమ్‌లో పట్టే డేటా గరిష్ఠ పరిమాణం) 9000 పెట్టి, అవతల స్విచ్ 1500 దగ్గరే ఆగిపోయి ఉంటే అక్కడ బయటపడుతుంది.

వీల్యాన్ దగ్గరే అందరూ పడతారు. ఫ్రేమ్‌లో ‘పోర్ట్ వీల్యాన్ 20’ అని వస్తే అది ట్యాగ్ (ఫ్రేమ్ మీద వేసే వీల్యాన్ నంబరు) లేని ట్రాఫిక్ పోయే వీల్యాన్ మాత్రమే. హోస్ట్‌కు ఇచ్చేది సాధారణంగా ట్రంక్ కాబట్టి అక్కడ తరచుగా కనిపించేది 1. ట్రంక్‌లో ట్యాగ్‌తో వస్తున్న 20, 30, 40 అన్నీ కనిపించాలంటే స్విచ్ ‘వీల్యాన్ నేమ్’ అనే అదనపు భాగాన్ని కూడా పంపాలి. చాలా స్విచ్‌లు అడగందే పంపవు. సీడీపీ కూడా ట్రంక్ విషయంలో నేటివ్ వీల్యాన్ (ట్యాగ్ లేనిది) వరకే చెబుతుంది. అంటే ట్రంక్ పోర్ట్ మీద ‘వీల్యాన్ 1’ అని చూసి ఇది తప్పు కేబుల్ అనుకోవడమూ తప్పే, సరైనదే అని ధీమాగా ఉండడమూ తప్పే. ఈఎస్‌ఎక్స్ఐ ట్రాఫిక్ చూసి కట్టే అంచనా ఇక్కడే ఆదుకుంటుంది. లినక్స్‌లో అయితే ‘టీసీపీడంప్’ పెట్టి ఏ ట్యాగ్‌లతో ఫ్రేములు వస్తున్నాయో ఒక నిమిషం చూస్తే సరి.

పోర్ట్ డిస్క్రిప్షన్ అని ఇంకో భాగం వస్తుంది, స్విచ్ అడ్మిన్ చేత్తో రాసింది. దేవరకొండ బోర్డు తీయకుండానే మిర్యాలగూడ ట్రిప్‌కు బయల్దేరే బస్సు లాంటిది అది. ఎప్పుడో ‘బ్యాకప్ సర్వర్’ అని రాసిన పోర్ట్‌కు ఇప్పుడు సీసీటీవీ రికార్డర్ తగిలించి ఉంటుంది. పోర్ట్ నంబర్‌ను నమ్మండి, డిస్క్రిప్షన్‌ను నమ్మకండి.

ఇది తెలిశాక రెండో ఎంపికకు వద్దాం. ఈ సమాచారాన్ని మూడు రకాలుగా వాడుకోవచ్చు: చూసి చేత్తో కాన్ఫిగర్ చేయడం, చేత్తో చేసినదాన్ని రోజూ సరిచూడడం, హోస్టే చదువుకుని తనంతట తాను కాన్ఫిగర్ అయిపోయేలా వదిలేయడం.

మూడోదానికి పూర్తి రూపం ఓవర్ట్ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. 4.2 వెర్షన్ నుంచి హోస్ట్ నెట్‌వర్క్ సెట్ చేసే స్క్రీన్‌లోనే ఎల్‌ఎల్‌డీపీ వివరాలు చూపిస్తారు. దాంతోపాటు ఎల్‌ఎల్‌డీపీ లేబులర్ అనే సర్వీస్ ఉంది. గంటకోసారి నడిచి, స్విచ్ చెప్పిన వీల్యాన్‌ను బట్టి ఇంటర్‌ఫేస్‌కు లేబుల్ తగిలిస్తుంది, ఎల్ఏసీపీకి వీలున్న పోర్టులను బాండ్ చేస్తుంది. అదే లేబుల్ ఉన్న నెట్‌వర్క్ ఆ ఇంటర్‌ఫేస్‌కు దానంతట అదే అతుక్కుంటుంది. కేబుల్ మార్చినా, కార్డు మార్చినా మళ్లీ మౌస్ పట్టుకునే పని లేదు. వినడానికి ఎంత బాగుందో! కానీ షరతు చూడండి: ఇంటర్‌ఫేస్‌లు జునిపర్ స్విచ్‌కు తగిలి ఉండాలి, ఆ స్విచ్ పోర్ట్ వీల్యాన్‌ను ఎల్‌ఎల్‌డీపీలో పంపేలా సెట్ చేసి ఉండాలి. పైగా ఓవర్ట్ మీద కట్టిన రెడ్‌హ్యాట్ వర్చువలైజేషన్‌ను ఆ కంపెనీ 4.4 దగ్గరే ఆపేసింది. ఒరాకిల్ వాళ్ల వర్చువలైజేషన్ మేనేజర్ ఇప్పటికీ దాని మీదే ఉంది, వాడేవాళ్లు లేకపోలేదు.

మూడు హోస్టులున్న డిగ్రీ కాలేజీకి, జిల్లా ఆస్పత్రికి, రైస్ మిల్లు ఆఫీసుకు నేను ఇది వద్దనే చెబుతాను. స్విచ్ షరతు ఒక్కటే కారణం కాదు. స్విచ్ చెప్పేది ‘ఇప్పుడు ఇక్కడ ఏముంది’ అనే, ‘ఇక్కడ ఏముండాలి’ అని కాదు. ఎవరో పొరపాటున పోర్ట్ 14ను వీల్యాన్ 20 నుంచి 30కి మారిస్తే, చేత్తో చేసిన హోస్ట్‌లో నెట్‌వర్క్ ఆగిపోతుంది. ఫోన్లు వస్తాయి, టెన్షన్ పడతాం, వెతుకుతాం, దొరుకుతుంది. ఆటోమేటిక్ హోస్ట్ ఆ పొరపాటుకు తలూపి దానికి తగ్గట్టు మారిపోతుంది. ల్యాబ్ మెషీన్లకు ఇచ్చిన నెట్‌వర్క్ కాస్తా వేరే చోట తేలుతుంది, ఎవరికీ వెంటనే తెలియదు. దీనికి తోడు ఎల్‌ఎల్‌డీపీ, సీడీపీ రెండింటిలోనూ ‘నువ్వెవరు’ అని రుజువు అడిగే ఏర్పాటు లేదు. ఆ కేబుల్‌కు ల్యాప్‌టాప్ తగిలించి ‘నేనే మీ స్విచ్’ అంటే హోస్ట్ నమ్ముతుంది.

ఇరవై, ముప్పై హోస్టులు, ఒకే కంపెనీ స్విచ్‌లు, స్విచ్ కాన్ఫిగరేషన్ కూడా ఫైల్‌లోంచే పోయే పద్ధతి ఉన్న చోట అయితే ఆటోమేటిక్ లాభమే. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లి ఐటీ టవర్ లాంటి చోట అద్దెకు దిగిన కంపెనీ ఆ స్థాయికి పెరిగితే అప్పుడు ఆలోచించొచ్చు.

మిగతా అందరికీ నా ఓటు మధ్యదారికి, అంటే చేత్తో చేసి రోజూ సరిచూడడానికి. ప్రాక్స్‌మాక్స్‌లో అది ఇట్లా ఉంటుంది. నెట్‌వర్క్ ఫైల్ చేత్తో రాయండి. ఒక్కో ఇంటర్‌ఫేస్ కింద హ్యాష్ గుర్తుతో ‘ల్యాబ్ స్విచ్ 2, పోర్ట్ 1/0/14, ట్రంక్ 20, 30’ అని ఎల్‌ఎల్‌డీపీలో చూసినదాన్ని రాయండి. ఆ మాట వెబ్ స్క్రీన్‌లో కామెంట్ల కాలమ్‌లోకి వస్తుంది, తర్వాత వచ్చేవాళ్లకు వేరే డాక్యుమెంట్ అక్కర్లేదు. అన్నీ సరిగా ఉన్న రోజు ‘ఎల్‌ఎల్‌డీపీసీటీఎల్’ జవాబును జేసన్‌లో తీసుకుని, అందులోంచి ఇంటర్‌ఫేస్, స్విచ్, పోర్ట్ ఈ మూడే ఒక ఫైల్‌లో దాచండి. మొత్తం జవాబు దాచకండి, ఎంతసేపటి నుంచి కనిపిస్తోందన్న లెక్క అందులో మారుతూ ఉంటుంది కాబట్టి రోజూ తేడా వచ్చినట్టే చూపిస్తుంది. క్రాన్‌లో (చెప్పిన వేళకు పని నడిపే ఏర్పాటు) పెట్టి రాత్రిపూట పోల్చి, తేడా ఉంటే మెయిల్ పంపమనండి. పది లైన్ల స్క్రిప్టు. పగలు ఎవరో రాక్ దుమ్ము దులిపి కేబుల్ వేరే పోర్ట్‌లో పెట్టినా, పాత స్విచ్ చెడిపోయి రాత్రికి రాత్రి కొత్తది బిగించినా, పొద్దున్నే తెలుస్తుంది.

దీని విలువ బాగా తెలిసేది కెర్నెల్ అప్‌గ్రేడ్ రోజున. ఇంటర్‌ఫేస్ పేర్లు కొన్నిసార్లు మారిపోతాయి, నిన్నటి పేరు ఇవాళ ఉండదు, హోస్ట్ నెట్‌వర్క్ లేకుండా లేస్తుంది. ప్రాక్స్‌మాక్స్ 9లో పేర్లను పిన్ చేసే పనిముట్టు ఇచ్చారు, ముందే వాడండి. పిన్ చేయకుండా ఇరుక్కుంటే కన్సోల్‌లో కూర్చుని పోర్టులు పైకి లేపి, ఎల్‌ఎల్‌డీపీ చూసి, 1/0/14కు తగిలినది ఇప్పుడు ఏ పేరుతో ఉందో చూసుకుని ఫైల్‌లో మార్చుకుంటే సరిపోతుంది. ఒక్క కేబుల్ కూడా పీకే పని లేదు.

స్విచ్ అన్‌మేనేజ్డ్ అయితే ఇవేవీ వర్తించవు. ‘ఈథ్‌టూల్ మైనస్ పీ’తో పోర్ట్ లైటు మినుకుమినుకుమనేలా చేసి, ఒకరు వెనక నిలబడి చూసి రాసుకోవడమే.

ప్రోటోకాల్‌ను ఎక్కడ ఆన్ చేయాలో కూడా చూసుకోండి. హోస్టులకు, స్విచ్‌ల మధ్య లింకులకు ఆన్. వరండాలో, క్లాసురూముల్లో, వెయిటింగ్ హాల్లో గోడకున్న పోర్టులకు ఆఫ్. స్విచ్ మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మేనేజ్‌మెంట్ ఐపీ అడిగినవాడికల్లా చెప్పాల్సిన పని లేదు. 2020 ఫిబ్రవరిలో సీడీపీని చదివే కోడ్‌లో ఐదు లోపాలు ‘సీడీపీవోన్’ పేరుతో బయటపడ్డాయి. పాత సిస్కో స్విచ్‌ను అప్‌డేట్ లేకుండా నడుపుతుంటే ఆ పోర్టుల్లో సీడీపీని ఆపడం ఇంకా అవసరం. ఐపీ ఫోన్లు ఉన్న పోర్టులను మాత్రం ముందే చూసుకోండి. వాయిస్ వీల్యాన్‌ను అవి ఈ ప్రోటోకాల్స్ ద్వారానే తెలుసుకుంటాయి, తొందరపడి ఆపితే పొద్దున్నే ఫోన్లు మూగబోతాయి.

సీటీసీలో సెకండ్‌హ్యాండ్ స్విచ్ కొనబోతే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. షాపులోనే కరెంటు పెట్టించి, కేబుల్ తగిలించి, కన్సోల్‌లో ఎల్‌ఎల్‌డీపీ ఆన్ చేసి, వైర్‌షార్క్‌లో ఒక నిమిషం చూడండి. స్విచ్ పేరు, పోర్ట్ వస్తే సగం పని అయినట్టు. ట్యాగ్ ఉన్న వీల్యాన్ ఒకటి పెట్టి, వీల్యాన్ నేమ్ భాగం కూడా వస్తోందో లేదో చూసి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.